భూమవ్వ వండిన ఎముకల జున్ను

ఆ ఉదయం భూమవ్వ పెట్టుకున్న పని చాలా చిన్నది. జున్ను వండాలి, సెలవుకు వచ్చిన మనవరాలు వైశాలికి తినిపించి బీదర్ బస్సు ఎక్కించాలి, అంతే. చలికాలం, అందులోనూ ఇంటికి ఫ్రిజ్ వచ్చిన కొత్త. మంచు వరి మళ్ల మీద నుంచి జారి వచ్చి బాన్సువాడ గోడలను, ఆటోలను మెత్తగా చుట్టుకుంది. ఊరు లేచిందో, ఇంకా కల కంటోందో తెలియడం లేదు.

పక్కింటి సమ్మవ్వ బర్రె ఈనింది. జున్నుపాలు పంపిస్తానని ఆమె ముందురోజే మాట ఇచ్చింది. ఫ్రిజ్ తెరిస్తే గాజు సీసాలో చిక్కటి పాలు ఉండనే ఉన్నాయి. బెల్లం, యాలకులు వేసి భూమవ్వ ఆవిరి మీద పెట్టింది. ఆ వాడలో రెండు పద్ధతులు ఎవరూ తప్పరు: జున్ను ఒక్కరే తినరు, జున్నుపాలు తెచ్చిన చేతిని ఖాళీగా పంపరు. ఇంకేం, ఆవిరి మంచులో కలవకముందే గిన్నెలు ఇల్లిల్లూ తిరిగి వచ్చాయి.

తడి జుట్టు తుడుచుకుంటూ వైశాలి ఫ్రిజ్ తెరిచింది.

"అవ్వా, గీడ నా సీసా ఏది?"

"నీదేంది బిడ్డా, సమ్మవ్వ జున్నుపాలు గదా. వండిన. నోట్ల ఏస్కో, ఎన్నలెక్క కరుగుతది."

వైశాలి పొయ్యి మీది గిన్నె మూత ఎత్తి చూసింది. "అవి పాలు కాదవ్వా! మా ల్యాబుల నేను చేసిన మందు, విరిగిన ఎముకల సందుల సూదితోని ఎక్కిచ్చేది. చల్లగుంటే పల్చగుంటది, ఒంట్ల వేడికి గట్టిపడి నిలబడ్తది. దాన్ని పట్టుకొని కొత్త ఎముక పెరగాలె."

"మంచిదే గదనే!"

"మంచిదో కాదో ఎవరికెరుక? ఒళ్లు దాన్ని ఒప్పుకుంటదా, వాపు తెస్తదా అని ముందుగాల కుందేళ్లకు ఎక్కిచ్చి చూడాలె. గందుకే బీదర్ పశువుల కాలేజికి పోతున్న. ఇయ్యాల గా సీసా అందకుంటే ఇన్నేండ్ల నా కష్టం గంగల కలిసినట్టే!"

భూమవ్వ నోరు నొక్కుకుంది. "అయ్యో, కుందేళ్ల వాటా మనం తిన్నమా?"

వైశాలి కళ్లు తుడుచుకుని వాడ మీద పడింది. తిన్నవాళ్ల నుదురు తాకి చూసింది, చేతులు తిప్పి చూసింది. వాచిందా, కందిందా, కడుపులో తిప్పుతోందా అని అడిగింది. పాపం, మందు సంగతి జాగ్రత్త కోసమే చెప్పింది. కానీ ఆ మాట రెండో గడప దాటేసరికి భయం రాలిపోయి, ఎముకలు పెరుగుతాయన్నది ఒక్కటే మిగిలింది.

ఎదురింటి బ్రహ్మానందం మణికట్టుకు వెదురుబద్దల కట్టు ఉంది. దాన్ని విప్పబోయాడు.

"అన్నా, విప్పొద్దు!" అని వైశాలి అరిచింది.

"ఏం కాదు చెల్లె. సూదితోని ఎక్కాల్సింది చెంచాతోని ఎక్కింది, గంతే!" అంటూ బద్దలు విప్పి పక్కన పడేశాడు.

ఇగ చూడాలి, గిన్నెలు పట్టుకుని జనం మంచులోంచి తేలి వస్తూనే ఉన్నారు. చెరుకు కోతకు వచ్చిన హీరాబాయి గడపలో కూర్చుని, "మోకాలికి ఎన్ని చెంచాలు పట్టాలె అవ్వా?" అని మెల్లగా అడిగింది. అంతలో భూమవ్వ భర్త వెంకట్రాములు మంచం దిగాడు. మోకాళ్ల నొప్పులతో ఏళ్లుగా మేడ మెట్లు ఎరగని మనిషి, నిద్రలో నడిచినట్టు ఎక్కుతూ ఎక్కుతూ మంచులో కలిసిపోయాడు.

"భూమీ! మోకాళ్లల్ల మబ్బులు నింపినట్టుందే!" అని పైనుంచి వినబడింది.

ఏడుస్తున్న వైశాలికి కూడా ఒక్క క్షణం ఊరివాళ్ల ఎముకలన్నీ చెరుకు గడల్లా కణుపులు వేస్తున్నట్టు అనిపించింది.

అప్పుడు వచ్చింది సమ్మవ్వ, తడిబట్ట చుట్టిన సీసాతో.

"అక్కా, పొద్దుగాల బావ ఇచ్చిన గీ మజ్జిగ ఏం మజ్జిగ? పొయ్యి కాడ చెంచాల పోసిపెడితే గట్టిపడ్డది! మిగిలింది నీళ్ల కుండ పక్కన చల్లగ పెట్టిన. దీన్ని తాగాల్నా, నమలాల్నా?"

అందరూ మేడ వైపు చూశారు.

"మీరు లేవకముందే సమ్మవ్వ జున్నుపాల సీసా తెచ్చింది, ఫ్రిజ్‌ల పెట్టిన," అన్నాడు వెంకట్రాములు. "ఖాళీ చేతుల్తోని ఎట్ల పంపాలె? ఆడున్న తెల్ల సీసా తీసిచ్చిన. మజ్జిగనే అనుకున్న."

వైశాలి సమ్మవ్వను కావలించుకుని, సీసాను ఐసు డబ్బాలో పెట్టుకుని బస్టాండుకు పరుగెత్తింది. మంచు విడింది, దానితోపాటు గిన్నెలూ విడిపోయాయి. బ్రహ్మానందం ఎవరూ చూడకుండా బద్దలు ఏరుకున్నాడు.

"అయితే నేను తిన్నదేంది?" అన్నాడు వెంకట్రాములు.

"సమ్మవ్వ బర్రె జున్ను!"

ఆయన దిగబోతూ పై మెట్టు మీద పాదం మోపాడు, కిందికి చూశాడు, మోకాళ్లు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

మధ్యాహ్నం అన్నం గిన్నెను మేడ మీదికే పంపారు. పద్ధతి తెలిసిన మనిషి గనుక ఆయన దాన్ని ఖాళీగా దించలేదు, ఇంకొంచెం జున్ను పెట్టమన్న కబురుతో దించాడు.