పన్నెండు ముక్కల పార్మిజానా

ఆదివారం పొద్దున్న ఆరింటికే తితీనా వంకాయ ముక్కలకు ఉప్పు రాసి, చేదు నీళ్ళు దిగడానికి వాటి మీద ఇస్త్రీపెట్టె బరువు పెట్టింది. తర్వాత వేయించి, టొమాటో గుజ్జు, చీజ్ మధ్యమధ్య వేస్తూ పొరలుగా పేర్చి ఓవెన్‌లో పెడితే అదే పార్మిజానా. మధ్యాహ్నం భోజనానికి అత్తవారి వైపు వాళ్ళంతా వస్తున్నారు. పెళ్ళయిన రెండేళ్ళలో వాళ్ళు ఆమె చేతి వంట తినడం ఇదే మొదలు.

అత్తగారు రకేలె పెద్ద కోడలింట్లో తొలిసారి భోంచేసి, "రొట్టె బాగుంది" అని లేచిపోయిన మనిషి. ఆ రొట్టె కొట్లో కొన్నది. అందుకని తితీనాకు ఒకటే కోరిక, అత్తగారు తన పార్మిజానా తిని ఇంకో ముక్క అడగాలి. తనూ మొగుడు సాబతోతో కలిపి పన్నెండుమంది. ట్రేలో కొలిచినట్టు పన్నెండు ముక్కలు కోసింది.

ఒంటిగంటకు అందరూ కూర్చోబోతుంటే సాబతో పిన్ని ఫిలుమేన కుర్చీ వెనకే నిలబడిపోయింది. వేలు చూపిస్తూ లెక్కపెట్టి, ఎత్తు కుర్చీలో చెంచా చప్పరిస్తున్న తితీనా ఎనిమిది నెలల పాప దగ్గర ఆగింది.

"పదమూడు. నేను కూర్చోను."

బల్ల చుట్టూ పదమూడుమంది కూర్చుంటే ఏడాది తిరక్కుండా ఒకరు పోతారని సలెర్నో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పాపని వేరే గదిలో పడుకోబెడతానంది తితీనా. లెక్కలోకి వచ్చాక తీసేయడం ఇంకా చెడ్డదంది పిన్ని. రకేలె మాత్రం రుమాలు మడత సరిచేసుకుంది.

సాబతో పైఅంతస్తుకు పరిగెత్తి ఎర్సీలియాగారిని బతిమాలాడు. ఆవిడ సరేనంది కానీ, ఇంటికొచ్చిన చెల్లెల్నీ, మరిదినీ, వాళ్ళమ్మాయినీ వదిలి ఎలా వస్తుంది? నలుగురూ దిగారు.

"పదిహేడు," అంది పిన్ని, ముఖం మరింత వాడిపోయి. "ఇది దానికంటే పాపిష్టి సంఖ్య."

సాబతో మళ్ళీ పరిగెత్తాడు. ఈసారి పొగాకు కొట్టు విచెన్జో దొరికాడు, భార్యతో సహా. పంతొమ్మిది. పిన్ని కూర్చుంది.

బల్ల చాలక పడగ్గది తలుపు ఊడదీసి రెండు పీపాల మీద పరిచారు. తితీనా వంటగదిలో, పాపని మినహాయించి, పన్నెండు ముక్కల్ని పద్దెనిమిది చేసింది. అవి చూస్తే ఏడుపొచ్చింది. పిల్లికి పెట్టినట్టున్నాయి.

అయితే ఆదివారం పూట ఒట్టి చేతులతో ఎవరొస్తారు? తమ తమ ఇళ్ళలో తయారుగా ఉన్నవన్నీ పొరుగువాళ్ళు పట్టుకొచ్చేశారు. మగ్గబెట్టిన ఎర్ర మిరపకాయలు, పుదీనా వేసి వెనిగర్‌లో నానబెట్టిన గుమ్మడి జాతి కాయలు, చిక్కుడు గింజలతో ఆకుకూర. గిన్నెలు చేతులు మారుతుంటే బల్లంతా సందడిగా, నవ్వులుగా ఉంది. తితీనా చిన్న ముక్కల్ని చూసి మాత్రం ఎవరికి వారే పక్కవాడికి తక్కువవుతుందని మర్యాదకు వదిలేశారు. రకేలె కూడా ముట్టుకోలేదు. ట్రే వెళ్ళినట్టే తిరిగొచ్చింది. మెచ్చుకున్నది విచెన్జో భార్య మిరపకాయల్ని.

అందరూ కాఫీకి వరండాలో చేరాక, తితీనా గిన్నెలు తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. అక్కడ అత్తగారు నిలబడే ఫోర్కుతో ట్రేలోంచి తింటోంది. సగం ట్రే ఖాళీ.

"మీ పిన్నికి లెక్క రాదు," అంది రకేలె నములుతూ. "పళ్ళు రాని పిల్లని బల్ల దగ్గర ఎవరూ లెక్కపెట్టరు. మనం మొదట్నుంచీ పన్నెండుమందిమే."

తితీనా గిన్నెలు కింద పెట్టింది. "మరి అప్పుడే చెప్పొచ్చు కదా, అత్తయ్యా?"

"చెబితే నువ్వు వండింది ఒక్కటే తినాల్సొచ్చేది. ఎలా ఉంటుందో నాకేం తెలుసు?" ఇంకో ముక్క తీసుకుంది. "వచ్చే ఆదివారం పొరుగువాళ్ళని పిలవకు. మనకే చాలదు."

తన పార్మిజానా ఎలా కుదిరిందో రుచి చూద్దామని తితీనా ఫోర్కు వెతికి తెచ్చేసరికి, రకేలె ట్రే అడుగును రొట్టెతో తుడుస్తోంది.