హెల్మెట్ మీది కన్ను

రెండువేల ఎనిమిది చలికాలంలో ఒక సోమవారం పొద్దున్న, దేశ రాజధానిలోని ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండే గోవిందరాజులు గట్టిగా ఒక నిర్ణయానికొచ్చాడు. ఆఫీసు దారిలో రోజూ తన స్కూటర్‌ని ఫుట్‌పాత్ ఎక్కించే ప్రైవేటు బస్సు డ్రైవరు భరతం పట్టాలి. పోలీసులకు నోటితో చెప్పి చెప్పి విసిగిపోయాడు. ఎప్పుడు వెళ్ళినా "సబూత్ హై?" అనే అడిగేవారు.

ఆ సాక్ష్యం సంగతి బావమరిది సాయి కిరణ్ చూసుకున్నాడు. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెలవు దొరికితే కొండల్లో సైకిలు తొక్కుతాడు.

"ఇదివరకు నెత్తి మీద కెమెరా, వీపు మీద బ్యాటరీల సంచి, మధ్యలో వైర్లు ఉండేవి బావా. తర్వాత నీళ్ళలో ఆటలాడేవాళ్ళ కోసం మణికట్టుకి కట్టుకునేవి వచ్చాయి. ఇప్పుడు చూడు, అగ్గిపెట్టంతయింది. బొమ్మా మాటా రెండూ పడతాయి" అంటూ కెమెరాని హెల్మెట్ మీద పట్టీతో బిగించాడు. "ఎర్ర లైటు వెలిగితే..."

"తెలుసులేవోయ్. ఎర్ర లైటంటే ఆగినట్టేగా!" అన్నాడు గోవిందరాజులు.

వెనక సీటు ఎప్పటిలాగే చిట్టిబాబుది. ఇద్దరిదీ ఒకే సెక్షను, ఒకే వీధి. గోవిందరాజులు డబ్బాలో భార్య భానుమతి పెట్టే గోంగూర పచ్చడిలో సగం ఏళ్ళ తరబడి చిట్టిబాబు పొట్టలోకే పోతోంది. బస్సు రానే వచ్చింది, స్కూటర్ని తోసుకుంటూ పోనే పోయింది. ఫుట్‌పాత్ మీంచి గోవిందరాజులు విజయగర్వంతో లేచాడు. ఆఫీసుకెళ్ళి హెల్మెట్‌ని బీరువా మీద ముందుకు వాల్చి పెట్టాడు. ఆపే మీట నొక్కానో లేదోనని అనుమానం వచ్చింది. చూస్తే ఎర్ర లైటు వెలుగుతోంది. నిశ్చింతగా టీకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో ప్రదర్శన. ముఖ్య అతిథి డిప్యూటీ సెక్రటరీ రామమోహనరావు. ఆయన ఆఫీసులో బాసు, కాలనీ తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఆయన వెంట వస్తే పోలీసులు వింటారని గోవిందరాజులు ఆశ. పక్కనే చిట్టిబాబు. భానుమతి మిరపకాయ బజ్జీలు వేస్తోంది. పదో తరగతి చదివే కూతురు ఇషిత వైరు తెచ్చి టీవీకి తగిలించింది.

టీవీలో ఆకాశం కనిపించింది. తర్వాత వేపకొమ్మలు. కెమెరా పైకి తిరిగి ఉందని అప్పుడర్థమైంది. బస్సు హారన్ వినిపించిందే తప్ప నంబరు కాదు కదా, చక్రమైనా కనిపించలేదు. దాని వెనకే గోవిందరాజులు తిట్లు మాత్రం స్పష్టంగా వినిపించాయి. భానుమతి వంటింట్లోంచి తొంగిచూసింది. ఆపైన తెర నిండా ఒక ట్రాఫిక్ సిగ్నల్, ఎర్రగా. దాని కిందుగా స్కూటర్ ఆగకుండా సాగిపోయింది.

"పాపా, రెడ్ లైట్ తో ఆప్ నే జంప్ కియా!" అంది ఇషిత, సిగ్నల్ దూకింది నాన్నేనని హిందీలో. రామమోహనరావు పొట్ట కదిలేలా నవ్వాడు.

"సరే, అయిపోయింది. ఆఫీసులో ఆపేశాను" అంటూ గోవిందరాజులు లేచాడు.

ఆగలేదు. టీవీలో సెక్షను గది, ఫ్యాను, దాని కింద రామమోహనరావు బట్టతల ప్రత్యక్షమయ్యాయి.

"అండమాన్‌కి బదిలీ ఈసారి నీ వంతే కదయ్యా, చిట్టిబాబూ?"

"నాకు బీపీ సార్. గోవిందరాజుల్ని పంపండి. కూతురి బోర్డు పరీక్షలంటాడు, రెండ్రోజులు ఏడుస్తాడు. నేను సర్దిచెప్తాగా."

"ఠీక్ హై. మంచివాళ్ళతో ఈ సుఖం ఉందయ్యా."

భానుమతి పళ్ళెంతో వచ్చి చిట్టిబాబు ముందు నిలబడింది.

"ఇంకో బజ్జీ వెయ్యమంటారా, అన్నయ్యగారూ?"

గోవిందరాజులు బాసు వైపు తిరిగాడు. పాతికేళ్ళ సర్వీసులో మొదటిసారి పెద్దగా అడిగాడు. "ఏమిటి సార్ ఇది?"

రామమోహనరావు నిదానంగా చేతులు తుడుచుకున్నాడు. "నేనూ అదే అడుగుతున్నాను. ప్రభుత్వ కార్యాలయంలో దొంగ రికార్డింగా? ఎవరి పర్మిషన్ తీసుకున్నావు?"

"ఫైళ్ళు కూడా కనిపిస్తున్నాయి సార్" అన్నాడు చిట్టిబాబు, టీవీ వైపు వేలు చూపిస్తూ. నోట్లో బజ్జీ ఇంకా ఉంది.

మర్నాడు మెమో వచ్చింది. కెమెరా సీలు పడి ఎవరి గదిలోకో పోయింది. సాయి కిరణ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. సస్పెన్షన్ ఖాయమన్నారు. వారం తిరక్కుండా చిట్టిబాబే ఇంటికొచ్చాడు.

"సార్ కాళ్ళమీద పడ్డంత పని చేశాన్రా. యాక్షన్ లేదు. ట్రాన్స్‌ఫర్‌తో సరిపెట్టారు."

"ఎక్కడికి?"

"నీకు తెలియందేముంది?"

అండమాన్ వెళ్ళనంటే పాత మెమో లేస్తుంది. గోవిందరాజులు ఆ రాత్రంతా కూర్చుని ఆలోచించాడు. పొద్దున్నే వెళ్ళి రామమోహనరావుకు కృతజ్ఞతలు చెప్పి వచ్చాడు. చెబుతున్నప్పుడు ఆయన ఫైల్లోంచి తలెత్తలేదు. తండ్రి లేకుండానే పరీక్షలు రాస్తానని ఇషిత తెలుగులో చెప్పింది. ఆ పిల్ల ఇంట్లో తెలుగులో బదులివ్వడం చాలా అరుదు. గోవిందరాజులికి అదే ఎక్కువ బాధనిపించింది.

వీడ్కోలు సభలో దండలు వేశారు. నిజాయితీకి మారుపేరని చిట్టిబాబు కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. గ్రూపు ఫోటోలో గోవిందరాజులు ఒక్కడే నవ్వలేదని ఫోటోగ్రాఫర్ రెండోసారి తీశాడు.