గాలి వచ్చే వైపు గుంజ

తన తాతముత్తాతలు కూర్చున్న చోట తాను కూర్చోవడానికి మనిషి ఎవరి అనుమతి తీసుకోవాలి? నికుటారా దీవిలో ఈ ప్రశ్న పుట్టి చాలాకాలమైంది. సందర్శక సంతృప్తి శాఖ ఇంకా సమాధానం ఇవ్వలేదు. ప్రశ్న మాత్రం దీవి సంస్కృతికి అద్దం పడుతున్నదని మెచ్చుకుని తన ప్రచార పత్రికలో అచ్చువేసుకుంది.

నికుటారాలో ఊరంతా మనేబాలో కూర్చుంటుంది. మొగలాకు కప్పిన ఆ సభామంటపంలో ఒక్కొక్క గుంజ ఒక్కొక్క వంశానిది. గుంజ దగ్గర కూర్చుని పలికినదే మాట. మరెక్కడినుంచి పలికినా అది దగ్గుతో సమానం. రకెంతాయి అనే ముసలామె వంశానికి సముద్రపు గాలి వచ్చే వైపు గుంజ దక్కింది. అన్నదమ్ములందరూ పోయాక, అక్కడినుంచి మాట్లాడే హక్కును పెద్దలు ఆమెకే ఇచ్చారు. ఆ ఉదయం సభలో ఆమె చెప్పవలసింది ఒక్కటే. తల్లి తన చేతులతో తవ్విన బబాయి దుంపల గుంటను పొరుగువాడు తాబోరా తనదంటున్నాడు. ఆమె గుంజ కాదనకపోతే గుంట అతనిదవుతుంది.

దురదృష్టవశాత్తు, ఆ గాలి సందర్శకులకు కూడా నచ్చింది.

సందర్శకుల ఓడ వచ్చిన రోజే పెద్దల సభ జరగాలని శాఖ ఆదేశించింది. కప్పుకు కొత్త ఆకు వేయిస్తామన్నందువల్ల పెద్దలు తలలూపారు. సభ పూర్తిగా సహజంగా జరగవలెను (సహజత్వం ఎలా ఉండవలెనో అనుబంధంలో చూడవచ్చును). తగవులు అనుమతించబడును, కాని భోజనం వేళకు తెగిపోవలెను. డబ్బా మాంసం ఎవరి కంటా పడరాదు. (దీవివాసులు అన్నిటికన్నా ఇష్టంగా తినేది అదే, కనుక అది సంస్కృతి కిందికి రాదని శాఖ నిర్ధారించింది.) గాలి తగిలే గుంజలు అతిథులకు. ఆ గుంజల వంశస్థులు మంటపం అంచున కట్టిన తాడుకు ఇవతల.

తాడు దగ్గర బౌరో నిలబడి ఉన్నాడు. అతను రకెంతాయి చెల్లెలి కొడుకు. శాఖవారి సహజత్వ పర్యవేక్షకుడు.

"పెద్దమ్మా, ఆ రబ్బరు చెప్పులు విప్పెయ్. అసలైనట్టు లేవు."

"కాళ్లు అసలువే కదరా, చాలవూ? నా గుంజకి ఆనుకుని వాడెవడు?"

"అతిథి. సముద్రపు గాలి తరగతి."

"గాలిక్కూడా తరగతులు పెట్టారూ! నీకు లాలపోసినదాన్ని, మరి నాది ఏ తరగతి?"

"నువ్వు సందర్శకురాలివి కాదు కదా. నువ్వు సంస్కృతివి. సంస్కృతి ఇక్కడే నిలబడాలి."

"అయితే వాణ్ణి లెమ్మను."

బౌరో ముఖం పాలిపోయింది. "అతిథిని లేపమంటావా? నీ నోటితోనా, పెద్దమ్మా?"

ఆమె తాడు ఇవతలే నిలబడింది. కూర్చున్న అతిథిని లేపడాన్ని మించిన సిగ్గుమాలినతనం నికుటారాలో లేదు. తుఫానుకు కప్పు లేచిపోతున్నా ముందు అతిథి తనంతట తాను లేవాలి. ఈ మర్యాదను శాఖ తన నియమావళి మొదటి పుటలోనే కొనియాడింది. (ఇంత అక్కరకు వచ్చిన ఆచారం దానికి మరొకటి దొరకలేదు.)

సభ మొదలైంది. తాబోరా గుంజ ఎండ వైపుది గనుక దాన్ని ఏ అతిథీ కోరలేదు. అతను తన చోటనే దర్జాగా కూర్చుని, గుంట తనదని చెప్పాడు. పెద్దలలో పెద్ద అయిన మౌతూ గాలి వైపు తిరిగాడు.

"ఆ గుంజ ఏమంటుంది?"

అందరి చూపులూ తన మీద పడేసరికి, ఆ గుంజకు ఆనుకున్న అతిథి పొంగిపోయాడు. లేత కొబ్బరిబొండం పైకెత్తి, ఓడలో నేర్చుకున్న ఒకే ఒక్క మాటను ఆప్యాయంగా పలికాడు.

"మౌరి!"

మౌరి అంటే నమస్కారం. శుభమని కూడా అర్థం.

మౌతూ నేల వంక చూశాడు. "గుంజ శుభమన్నది," అన్నాడు. "గుంట తాబోరాది."

"అది నా మాట కాదు మౌతూ!" రకెంతాయి తాడు పట్టుకుని అరిచింది. "ఆ గుంట మా అమ్మ తవ్వింది! అందులో దుంప తిని పెరిగినవాడివి, నీకు తెలీదూ?"

మౌతూ తల ఎత్తలేదు. "ఎవరికో దగ్గు వచ్చినట్టుంది," అన్నాడు మెల్లగా. "మంచినీళ్లివ్వండి."

అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. (లేచారు, కాని అప్పటికి సభ ముగిసింది.) ఆ ముసలామె కేక తన ఒళ్లు జలదరింపజేసిందని గాలి తరగతి అతిథి అభిప్రాయాల పుస్తకంలో రాశాడు. అతను మంచివాడు. తాను ఏం చేశాడో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పడం మర్యాద కాదు.

శాఖ రకెంతాయికి 'అత్యంత సహజమైన వేదన' ప్రశంసాపత్రం పంపింది. ఇకమీదట ప్రతి ఓడకూ అదే చోట నిలబడి, అదే విధంగా అరవవలసిందిగా కోరింది. పారితోషికం, ఒక డబ్బా మాంసం. ఎవరి కంటా పడకుండా తినవలెను.

ఆ గుంజ దగ్గర కూర్చున్నవాణ్ణి ఆమె లేపజాలదు, ఊరి పెద్దలకూ ఆ నోరు లేదు, ఇక శాఖ ఎందుకు లేపుతుంది? లేవగలిగినది కూర్చున్నవాడొక్కడే. వచ్చే ఓడలో మీకూ చోటు ఉందని విన్నాను. అక్కడ మీ వీపుకు గాలి చల్లగా తగిలిందా, ఆ గుంజ ఎవరిదని ఎవరినీ అడగకండి. లేవండి.