ఎగిరే గంటలు

మన విమానయాన మంత్రిగారు ఏదైనా ప్రకటిస్తే అందులో ఇసుమంతైనా కల్తీ ఉండదు. మొన్న ప్రెస్‌మీట్ పెట్టి, పైలట్ శిక్షణ మధ్యలో ఆగిపోయిన ప్రతి బిడ్డకూ మిగిలిన గంటలన్నీ ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుందని ప్రకటించారు. విలేకరులు చప్పట్లు కొట్టారు. నేనైతే ఇంట్లో టీవీ ముందు లేచి నిలబడ్డాను.

ఎందుకంటే ఆ ఆగిపోయిన బిడ్డల్లో మా మేనకోడలూ ఉంది. లైసెన్సు రావాలంటే రెండు వందల గంటలు విమానం నడపాలి. నూట అరవై అయ్యాక ఇంధనం సప్లై ఆగిపోయి, శిక్షణ కేంద్రంలో ఉన్న ఒక్కగానొక్క విమానం షెడ్డుకు చేరింది. ఉద్యోగం ఇస్తామన్న కంపెనీవాళ్లు, ఏడాది చివరికి లైసెన్సు చూపించకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. అప్పటినుంచి పిల్లకు తిండి సయించడం లేదు, మా అక్కకు కంటిమీద కునుకు లేదు.

మంత్రిగారికి మాతృభాష అంటే ప్రాణం. శాఖలో ఏ ఫైలులోనైనా ఒక్క ఇంగ్లీషు ముక్క కనబడితే సస్పెన్షనే. అందుచేత ‘ఫ్లయింగ్ అవర్స్’ కాస్తా ‘ఎగిరే గంటలు’ అయి, నాలుగు బల్లలు దాటి, పర్చేజ్ సెక్షన్‌కు వచ్చి పడింది. అక్కడి ఆఫీసరు పని రాక్షసుడు. ఆ సాయంత్రానికే టెండరు పిలిచేశాడు.

మేము వెళ్లేసరికి ఆయన బల్ల మీద ఓ ఇత్తడి గంట ఉంది. శాంపిలట. మీకు నలభై శాంక్షనయ్యాయి, మోయడానికి మనిషిని తెచ్చుకున్నారా అని అడిగాడు.

“సార్, గంటలంటే టైము,” అంది మా మేనకోడలు.

“టైము మేమెలా సప్లై చేస్తామమ్మా? స్టోర్సులో పెట్టడానికి వీలుండాలి కదా,” అన్నాడాయన చాలా ఓపిగ్గా.

మరి ‘ఎగిరే’ అని ఉంది కదా అని నేను అడ్డు తగిలాను. దానికీ ఆయన దగ్గర జవాబు ఉంది. పైన కొక్కెం పెట్టించారట. వేలాడదీస్తే నేలకు తగలదు.

కాంట్రాక్టు మంత్రిగారి బామ్మర్దికి దక్కింది. ఇందులో బంధుప్రీతి లేదని మంత్రిగారే స్వయంగా వివరించారు. బామ్మర్దితో ఆయనకు మూడేళ్లుగా మాటల్లేవు, అన్నీ సైగలేనట.

పంపిణీ సభ ఘనంగా జరిగింది. వేదిక మీద మా పిల్ల మైకు అందుకుని, తనకు ఇవి వద్దనీ, విమానంలో ఇంధనం పోయిస్తే చాలుననీ మర్యాదగానే చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది. మంత్రిగారు పెద్ద మనసున్నవారు కాబట్టి కోప్పడలేదు. ఒక గంట తీసి ఆమె చెవి దగ్గర వాయించారు.

“వినపడుతోందా తల్లీ? ఇంతకంటే ఒరిజినల్ గంటలు ఏ దేశంలోనూ దొరకవు.”

జనం ఈలలు వేశారు. మా పిల్ల వట్టి చేతులతో దిగి వచ్చింది.

గంటలు పుచ్చుకున్నవాళ్లకు వారంలో లైసెన్సులు ఇచ్చేశారు. కొత్త రూలులో ‘అభ్యర్థి వద్ద రెండు వందల గంటలు ఉండవలెను’ అని స్పష్టంగా ఉంది మరి. ప్రభుత్వ కానుకను కాదన్నందుకు మా పిల్లకు మాత్రం శిక్ష వేశారు. ఆ నలభై గంటలూ ఆమె గాలిలోనే పూర్తి చేయాలి. అది కూడా కొత్త చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో.

ఆ పోస్టుకు వెయ్యి గంటలు ఉండాలి. ఎక్కడెక్కడ గాలించినా అంత అర్హత ఉన్నవాడు ఒక్కడే తేలాడు, బామ్మర్దిగారి అబ్బాయి. గంటలు నిల్వ ఉన్న గోడౌను అతని పేరునే ఉంది.

మంత్రిగారి మేనల్లుడు చార్జి తీసుకోవడమంటే మాటలా? నెలల తరబడి జాడ లేని ఇంధనం ఆ ఉదయమే ట్యాంకరులో వచ్చేసింది. మా పిల్ల అందరికంటే ముందే వెళ్లి విమానం అద్దం తుడిచి, రెక్కలూ చక్రాలూ తడిమి చూసుకుని నిలబడింది. చాలాకాలం తర్వాత పిల్ల ముఖంలో వెలుగు చూశాను. కంచె ఇవతల నిలబడ్డ నాకు కళ్లు చెమర్చాయి.

ఇన్‌స్ట్రక్టర్‌గారు కారు దిగారు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, భుజాల మీద నాలుగు బంగారు గీతలు, నల్ల కళ్లద్దాలు. విమానం చుట్టూ రెండుసార్లు తిరిగారు. టైరును బూటుతో తన్ని చూశారు. తలుపు దగ్గరికి వచ్చి కళ్లద్దాలు తీసి, గొంతు తగ్గించారు, అయినా కంచె దాకా వినబడింది.

“అక్కా, ఇది నిజంగా పైకి లేస్తుందా?”

“లేస్తుంది సార్.”

ఎంత ఎత్తుకని అడిగారు. మా పిల్ల చెప్పింది. ఆయన ఆకాశంలోకి ఒకసారి చూసి, రెండడుగులు వెనక్కి వేశారు.

“అయితే నువ్వెళ్లిరా అక్కా. నేను ఇక్కడే నిలబడి నేర్పుతాను.”