అత్తగారి నిరాకరణ

మన కాలపు మహా తత్వవేత్త నివసించే భవనంలో లిఫ్టు పనిచేయడం లేదని సమస్త పాఠకలోకానికీ సంతోషంతో తెలియజేయడమైనది. అది ఆగి చాలా కాలమైంది. ఆగిన కొత్తలో అది రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్న మామూలు పెట్టె. తరువాత తత్వవేత్తగారు దాని మీద పుస్తకం రాశారు. దాంతో చెడిపోయిన యంత్రం కాస్తా గొప్ప ఆలోచన హోదాకు ఎదిగింది. నడిచే రోజుల్లో పాపం ఐదో అంతస్తు దాటి ఎక్కి ఎరగదు.

ఆ ఐదో అంతస్తులో తత్వవేత్తగారూ, ఆయన భార్యా, అత్తగారూ ఉంటారు. ఈ కథ అత్తగారిది. ఆవిడకు మోకాళ్లు అరిగిపోయాయి. రెండు వీధుల అవతల ఉండే ఆవిడ చెల్లెలికీ అరిగిపోయాయి. ఒక్క తల్లి బిడ్డలు కదా, ఆ మాత్రం పోలిక ఉంటుంది. లిఫ్టు నడిచినన్నాళ్లూ అక్క సాయంత్రం దిగి వెళ్లి, చెల్లెలింటి ముందుగదిలో కూర్చుని, తెలిసినవాళ్లందరినీ తలా ఒక మాట అని, గుండె బరువు దింపుకుని వచ్చేది. లిఫ్టు ఆగాక అక్క దిగలేదు, చెల్లెలు ఎక్కలేదు. ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నారు గాని, ఫోనులో చెప్పుకునే చాడీలకు రుచేముంటుంది? ఎదుటి మనిషి మూతి విరుపు కనిపించొద్దూ?

అల్లుడుగారి మొదటి పుస్తకం 'ఆగిన చోటు' నిత్యజీవితం గురించి. "లిఫ్టు ఆగలేదు, లిఫ్టులో మనం ఆగాం" అన్న వాక్యం దగ్గర పుస్తకం మూసేసి కాసేపు కిటికీలోంచి బయటికి చూశామని పేరున్న సమీక్షకులందరూ రాశారు. రెండోది 'పై బాణం', రాజకీయాల గురించి. మీట నొక్కితే బాణం వెలుగుతుంది, పెట్టె మాత్రం రాదు; పరిపాలన అంటే ఇదే అని దాని సారాంశం. అది పాత ప్రభుత్వాన్ని అన్నదని అధికారపక్షమూ, కొత్త ప్రభుత్వాన్ని అన్నదని ప్రతిపక్షమూ మురిసిపోయి, ఎన్నడూ లేనిది ఏకగ్రీవంగా బహుమతి ఇచ్చాయి. మూడోది 'మెట్ల సంస్కృతి'. లిఫ్టు మనుషుల్ని విడదీసిందనీ, మెట్లు తిరిగి కలిపాయనీ అందులో నిరూపించారు. నిజానికి ఆ భవనంలోవాళ్లు మెట్ల మీద ఎదురైతే ఆయాసంతో మాట పెగలక చెయ్యి ఊపి తప్పుకుంటారు. పుస్తకంలో దీనికి మౌన సంభాషణ అని పేరు. ఈ విషయం మీద తత్వవేత్తగారు ఒక పెద్ద హోటలు పన్నెండో అంతస్తులో ఉపన్యసించారు. పైకి లిఫ్టులోనే వెళ్లారు. అంతటివారి సమయం మెట్ల పాలు చేయడం భావ్యం కాదు.

మూడు పుస్తకాల్లోనూ అత్తగారు ఉన్నారు. అక్కడ ఆవిడ పేరు 'దిగని స్త్రీ'. "ఆమె దిగలేక కాదు, దిగడానికి నిరాకరిస్తోంది" అని అల్లుడుగారు రాసిన పేజీని కూతురు ఒకసారి చదివి వినిపించింది.

"నేనెప్పుడు నిరాకరించానే?" అంది అత్తగారు.

"అలా రాస్తే బాగుంటుందని రాసుంటారమ్మా."

"బాగుంటే ఉండనీ. లిఫ్టు ఎప్పటికి బాగవుతుందో అది అడుగు."

అడగడానికి ఆయన ఖాళీగా ఉంటేగా. సెలవు రోజొస్తే పాఠకులు బృందాలుగా వచ్చేవారు. లిఫ్టు తలుపు ముందు నిలబడి ఫొటోలు తీసుకుని, రొప్పుతూ ఐదంతస్తులూ ఎక్కి, అత్తగారు ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఆవిడను కళ్లారా చూసి తరించేవారు. దిగకపోవడంలో మీ రాజకీయ దృక్పథం ఏమిటని ఒక పరిశోధకురాలు అడిగితే, మోకాళ్లమ్మా అని చెప్పింది అత్తగారు. ఆ పిల్ల దాన్ని భక్తిగా రాసుకుంది. దాని మీద ఆమెకు పట్టా కూడా వచ్చిందని వినికిడి.

ఇలా ఉండగా చెల్లెలికి కంటి ఆపరేషను అయింది. కట్టు విప్పగానే ఫోను చేసింది.

"అక్కా, గోడ మీద బల్లి కూడా కనిపిస్తోంది. నిన్ను చూడకుండా ఈ కళ్లు నాకెందుకు? ఎలాగోలా రా. నీ మొహాన ముడతలెన్ని వచ్చాయో చూడాలి."

ఆ రోజు అత్తగారికి అన్నం సహించలేదు. నోరు విడిచి అల్లుణ్ణి ఎన్నడూ ఏదీ అడగని మనిషి, వెళ్లి ఆయన రాతబల్ల పక్కన నిలబడింది. ఎవరినైనా పిలిచి తనను కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపించమని అడిగింది. ఆయన చాలా బాధపడ్డారు.

"అత్తయ్యగారూ, మిమ్మల్ని సామానులా మోయించి దింపితే మీ పోరాటం ఏమైపోతుంది? దేశమంతా మిమ్మల్నే చూస్తోంది."

దేశమంతా చూస్తున్నా చెల్లెలు చూడలేకపోతోందని ఆవిడకు అనాలనిపించింది. కాని అల్లుడి ముందు అంత మాట రాలేదు. గదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

కూతురు చాటుగా లిఫ్టు మెకానిక్కుకు కబురు పెట్టింది. అతను సంచీ తగిలించుకుని వచ్చి, లిఫ్టు తలుపు మీద 'ఆగిన చోటు ఇదే' అని భవన సంఘంవారు బిగించిన ఇత్తడి ఫలకం చదివి, సంచీ విప్పకుండానే పైకి వచ్చాడు.

"ఒక్క సామాను మారిస్తే నడుస్తుందమ్మా," అన్నాడు. "కానీ దీని మీద చెయ్యి వేయాలంటే నాకే చేతులు రావట్లేదు. రేపు జనం నన్నేమంటారు?"

తన దగ్గరున్న 'ఆగిన చోటు' ప్రతి మీద రచయితగారి సంతకం కావాలని అడిగి, పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఈ దుస్సాహసం తెలిసి భవన సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సదరు లిఫ్టును ఎవరూ ఏ కారణం చేతనూ బాగు చేయరాదని తీర్మానించింది.

ఆ నెలలోనే తత్వవేత్తగారికి పౌర సన్మానం ఏర్పాటయింది. వేదిక మీద దిగని స్త్రీ కూడా ఉంటే నిండుగా ఉంటుందని నిర్వాహకులు కోరారు. దిగడానికి నిరాకరించిన మనిషిని దించడం ఎలా? తత్వవేత్తగారు మూడు రోజులు మథనపడి దారి కనుక్కున్నారు. సభ కోసం దిగడం, దిగడం కిందికి రాదట, అది అవతరణ అట. ఇళ్ల సామాన్లు మోసే నలుగురిని పిలిపించారు. వాళ్లు అత్తగారిని కుర్చీతో సహా ఎత్తి, బీరువా దింపినట్టు దింపారు. మలుపు మలుపునా సంఘం కార్యదర్శి జాగ్రత్త, జాగ్రత్త అని అరిచాడు. కొత్తగా వేసిన గోడ రంగు గురించి ఆయన బెంగ.

సభాధ్యక్షుడు లేచి, "ఈ మాతృమూర్తి మోకాళ్లలో ఒక యుగపు తిరుగుబాటు దాగి ఉంది. ఆమె ఎక్కడ కూర్చుంటే అదే శిఖరం," అని సెలవిచ్చాడు. తరువాత ఆవిడ ముందు మైకు పెట్టి రెండు మాటలు చెప్పమన్నారు. అత్తగారు గొంతు సవరించుకుంది.

"లిఫ్టు బాగు చేయించండి."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వాళ్లకు సరిగ్గా వినబడలేదేమోనని ఆవిడ మళ్లీ చెప్పింది. ఈసారి చప్పట్లు మరీ ఎక్కువయ్యాయి. ముందు వరుసలో కొందరు కళ్లు ఒత్తుకున్నారు. "మా చెల్లెలింటికి వెళ్లిరావాలి," అని కూడా చెప్పి చూసింది. చెల్లెలంటే సాటి మానవాళి అని అధ్యక్షుడు వెంటనే వివరించాడు.

సభ ముగిశాక జనం రచయితగారిని చుట్టుముట్టి విందుకు తీసుకుపోయారు. మోసినవాళ్లు కనిపించలేదు. వాళ్లను దింపడానికే మాట్లాడామనీ, ఎక్కించడం కార్యక్రమంలో లేదనీ కార్యదర్శి సెలవిచ్చి తానూ విందుకు వెళ్లాడు. ఖాళీ కుర్చీల మధ్య కూతురు కంగారు పడుతుంటే, అత్తగారి మొహం మాత్రం వెలిగిపోతోంది.

"టాక్సీ పిలువు. పిన్ని ఇంటికి పోదాం," అంది.

చెల్లెలిది నేల అంతస్తు. తలుపు తీసి, నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, అక్కను ఎగాదిగా చూసింది. "ముసలిదానివైపోయావక్కా," అని మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. అక్కా ఏడ్చింది. కాసేపటికి ఇద్దరూ తేరుకుని ముందుగదిలో సర్దుకుని కూర్చున్నారు. చాడీలు అల్లుడుగారితో మొదలయ్యాయి.

అత్తగారు తిరిగి రాలేదు. ఐదో అంతస్తు ఎక్కిన పాఠకులు ఆవిడ లేని ఇల్లు చూసి నిరుత్సాహపడుతున్నారని తత్వవేత్తగారు స్వయంగా బతిమాలడానికి వెళ్లారు.

"లిఫ్టు బాగయిందా?" అని అడిగింది అత్తగారు.

ఆయన సంచీలోంచి కొత్త పుస్తకం తీసి, సంతకం చేసి ఆవిడ చేతిలో పెట్టారు. దాని పేరు 'లిఫ్టు బాగు చేయించండి'. ఆ మాటను సంఘంవారు ఇప్పటికే ఇత్తడి అక్షరాల్లో పోత పోయించి లిఫ్టు తలుపుకు అడ్డంగా బిగించారట. ఇక ఆ తలుపు తెరవడం ఎవరి తరమూ కాదు.

ఆ పుస్తకం నాలుగు పుస్తకాల్లోకీ గొప్పదంటున్నారు. మీరూ చదివే ఉంటారు. చివరి పేజీలో కళ్లు చెమర్చి, పుస్తకం మూసి, కాసేపు కిటికీలోంచి బయటికి చూసే ఉంటారు. నచ్చకేం? మీ లిఫ్టు నడుస్తోంది కదా.