ఎడమకు లాగే మిషను

ఆ గురువారం ఉదయం జహీరాబాద్ దర్జీ హఫీజుద్దీన్ అనుకున్న పని ఇది: మధ్యాహ్నానికి నాగప్ప పెళ్ళి కోటుకు చేతులు అతకాలి, మూడింటికి ఇస్త్రీ చేయాలి, నాలుగింటికి నాగప్పను న్యాల్‌కల్ బండి ఎక్కించాలి. మర్నాడు అక్కడ పెళ్ళి. అది 1946. గుడ్డ రేషను మీద దొరికింది. పాడైతే ఇంకొకటి లేదు.

హఫీజుద్దీన్ మిషను గుడ్డను ఎడమకు లాగేది. కొన్ననాటి నుంచీ అంతే. అతను కుడికి లాగుతూ కుట్టేవాడు. మూడు రోజుల్లో అలవాటైంది. తొమ్మిదేళ్ళలో లాగుతున్న సంగతి మరిచిపోయాడు. భార్య గౌహర్ బేగం అదే మిషను మీద నెల రోజులు నేర్చుకుంది. ఆమె కుట్టు ఎడమకే పోయేది. ఆమెకు కుట్టు రాదని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆమె గుండీలకు మారింది.

బుధవారం హఫీజుద్దీన్ కొలతలకు మొగుడంపల్లి వెళ్ళాడు. చుట్టపు చూపుగా వచ్చిన గౌహర్ తమ్ముడు అన్సార్ రైల్వేలో ఫిట్టరు. ఊరికే కూర్చోలేక మిషను విప్పి, గుడ్డను నెట్టే పళ్ళు సరిచేశాడు. బావ తనే కనుక్కుని సంతోషిస్తాడని ఎవరికీ చెప్పలేదు.

కోటు మొదటి చేతికి కుట్టు కుడికి తిరిగింది. హఫీజుద్దీన్ విప్పి మళ్ళీ కుట్టాడు. మళ్ళీ కుడికే.

"గుడ్డ ఖరాబున్నది," అన్నాడు.

"గుడ్డ మంచిగనే ఉన్నది. మీ కండ్లే జర చూపించుకోర్రి," అంది గౌహర్.

పక్కింటి బాబా మియాను కళ్ళజోడు అడిగారు. అది పెట్టుకుంటే సూది కూడా కనపడలేదు. జోడు వెంట వచ్చిన బాబా మియా కాసేపు చూశాడు.

"చెయ్యి కుడికి గుంజుతున్నది. ఇది లఖ్వా. మా మామకు గిట్లనే మొదలైంది," అని చెప్పి బజారుకు వెళ్ళాడు.

అరగంటలో నలుగురు వచ్చి తమ గుడ్డలు తీసుకుపోయారు. పక్షవాతమనే భయంతో గౌహర్ భర్త చేతికి నూనె రాస్తూ ఏడ్చింది. అంతలో నాగప్ప వచ్చాడు.

"ఫికర్ చేయకు నాగప్పా," అన్నాడు హఫీజుద్దీన్.

"లగ్గం నాది ఉస్తాద్! నేను చేయకుంటె ఎవరు చేస్తరు?"

పొద్దున బయటికి పోయిన అన్సార్ అప్పుడే తిరిగొచ్చి బావను అడిగాడు. "దుల్హేభాయ్, మిషన్ల ఫరక్ ఏమన్న కనిపించిందా?"

"ఏం చేసినవ్‌రా?"

"మంచిగ చేసిన."

"మళ్ళ ఖరాబ్ చెయ్యి!"

అన్సార్ రెండుసార్లు విప్పి బిగించాడు. "మంచిగ చేసుడు వచ్చు దుల్హేభాయ్. గా పాత ఖరాబ్ మళ్ళ చేసుడు నాతోని కాదు."

మిషనును పరదా వెనక్కి జరిపించి గౌహర్ ఒక పేలిక మీద కుట్టి చూసింది. కుట్టు గీత గీసినట్టు వచ్చింది. గుడ్డను కుడికి లాగడం ఆమె ఎన్నడూ నేర్చుకోలేదు. కోటు అందుకుంది. పక్కన కూర్చున్న హఫీజుద్దీన్ చెయ్యి రెండుసార్లు గుడ్డ మీదికి వచ్చింది.

"అజీ, చెయ్యి తీయుర్రి. నోటితోని చెప్పుర్రి, చాలు," అంది.

మూడున్నరకు నాగప్ప కోటు తొడుక్కుని రెండు చేతుల కుట్లూ చూసుకున్నాడు.

"గింత సీదా కుట్టు మీ దగ్గర ఎన్నడు చూడలే ఉస్తాద్!"

హఫీజుద్దీన్ పరదా వైపు చూశాడు. "నాది కాదు నాగప్పా. మా ఇంటామె కుట్టింది."

నాగప్ప కోటు విప్పకుండానే బండి ఎక్కాడు. దర్జీ ఎంత పనిమంతుడో అంత వినయం గలవాడని న్యాల్‌కల్ దాకా చెప్పుకుంటూ పోయాడు.