దొరవారి దున్న, కాటమయ్య లైసెన్సు

శాంతిభద్రతలకూ స్టీరింగుకూ విడదీయరాని సంబంధం ఉందని మొట్టమొదట కనిపెట్టింది మా స్పెషల్ ఆఫీసర్ గారే. ఈ సంగతి వారు 1950 జూన్ మొదటి సోమవారం ఉదయం పదింటికి క్యాంపాఫీసు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. వినడానికి ఇద్దరు బంట్రోతులు, ఒక మేక, నేను ఉన్నాం.

"ఈ తాలూకాలో బండి నడిపే ప్రతివాడూ ఇకమీదట డ్రైవింగ్ టెస్టు పాసవ్వాలి. లైసెన్సు ఉన్నవాడు పౌరుడు. లైసెన్సు లేకుండా నడిపేవాడు కమ్యూనిస్టు. మధ్యరకం లేదు."

మేక వెళ్ళిపోయింది. మేం చప్పట్లు కొట్టాం.

మా ఊరు కాగితాల మీద మహబూబాబాద్, మనుషుల నోట్లో మానుకోట. నేను ఆ ఆఫీసులో టైపిస్టుని. పోలీస్ యాక్షన్ అయ్యాక ఆఫీసులో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది, దాంతోపాటు ఒక టైపు మిషనూ వచ్చింది. పాత గుమాస్తాలు రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, ముట్టుకోకుండా వదిలేశారు. టైపు నేర్చినవాళ్ళు దగ్గర్లో ఇంకెవరూ లేకపోవడంతో, డోర్నకల్‌లో చదువుకున్న రూతు అనే నాకు సర్కారు కొలువు దొరికింది. దేశంలో పెద్ద మార్పులన్నీ ఇలాగే ఎవరికో ఒకరికి పనికొస్తాయి.

సారు కృష్ణా డెల్టా నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. మా మాట వింటే వారికి చెవిపోటు వచ్చేదట. అయినా భరించారు. అది దేశసేవ.

టెస్టులో మొత్తం తొమ్మిది అంశాలు. చేతి సైగలు, రివర్సు, మలుపులు, అన్నీ అయ్యాక తొమ్మిదోది: 'అనుకోకుండా జంతువు అడ్డం వచ్చినప్పుడు డ్రైవరు ప్రవర్తన'. ఆ జంతువు సరిగ్గా పది నలభైకి అనుకోకుండా రావాలని నేనే షెడ్యూల్లో టైపు చేశాను.

జంతువు కోసం ఆఫీసుకు బడ్జెట్టు లేదు. శాంతి కమిటీ అధ్యక్షులైన దొరవారు పెద్దమనసుతో తమ దున్నపోతును ఇస్తామన్నారు. రోడ్డు కూడా వారిదే. తాలూకాలో గుంతల్లేని రోడ్డు వారి కోటలాంటి ఇల్లు, గడీ ముందున్న రెండు ఫర్లాంగులే. అది వేసినవాళ్ళు ఊరి నిండా ఉన్నారు, కూలి తీసుకున్నవాళ్ళు మాత్రం ఎవరూ దొరకరు.

దొరవారి గురించి పాఠకులకు చెప్పాలి. మొన్న ఎర్రజెండా సంఘం వాళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడు వారు షేర్వానీలో హైదరాబాదు వెళ్ళారు. మిలిటరీ వెనకాల ఖద్దరులో తిరిగొచ్చారు. మధ్యలో ఏం జరిగిందో దర్జీకే తెలియాలి. వారు లేని కాలంలో సంఘం వాళ్ళు వారి భూములు, పశువులు పంచిపెట్టారు. ఈ దున్న బయ్యారం తోవలో ఉన్న లంబాడీ తండాకు, హీర్యా అనే రైతుకు వెళ్ళింది. రెండేళ్ళు అక్కడ దున్నింది. దొరవారు రాగానే భూములు కాగితాల బలంతో వెనక్కొచ్చాయి. దున్నకు కాగితాలు చదవడం రాదు కాబట్టి నలుగురు పోలీసులు తాళ్ళేసి లాక్కొచ్చారు.

ఇక అభ్యర్థులు. తాలూకాలో మోటారు బండ్లు మూడు. దొరవారి కారు, సారు జీపు, మిషన్ దవాఖాన వ్యాను. రోడ్డూ జంతువూ దొరవారివి కాబట్టి వారి డ్రైవరుకు మినహాయింపు. జీపు సర్కారుది కాబట్టి దాని డ్రైవరుకు మినహాయింపు. మొత్తం తీసేసి చూస్తే జాబితాలో దవాఖాన వ్యాను డ్రైవరు కాటమయ్య ఒక్కడే మిగిలాడు. పోటీ తీవ్రంగా ఉంటుందని సారు అన్నారు.

కాటమయ్య పన్నెండేళ్ళుగా బండి నడుపుతున్నాడు. ఎనిమిదేళ్ళు గడీలో, తర్వాత దవాఖానలో. మంగళవారం, శుక్రవారం డాక్టరమ్మను తండాలకు తీసుకుపోయేది అతనే. పాసయ్యేదాకా వ్యాను టెస్టుకు తప్ప షెడ్డు దాటకూడదన్నారు.

మొదటి టెస్టు రోజు ఎనిమిది అంశాలూ చూసి సారు మురిసిపోయారు. నేను వెనక సీట్లో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పది నలభైకి దున్న అనుకోకుండా వచ్చింది, రోడ్డు మధ్యలో పడుకుంది. గడీ అరుగు మీద కుర్చీలో దొరవారు ఉన్నారు.

కాటమయ్య బండి ఆపాడు. ఇంజను ఆపాడు. దిగాడు. చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. భుజం మీది తువ్వాల నడుముకు కట్టి, తలొంచుకుని నిలబడ్డాడు.

సారు బండిలోంచి తల బయటపెట్టారు. "ఏవయ్యా, ఏం చేస్తున్నావు?"

"నిలవడ్డ దొరా."

"అది కనబడుతోంది. ఎందుకూ అని."

"గడీ ముందల బండెక్కి పోతే ఎట్ల? దున్న గూడ దొరదేనాయె."

"ఎంతసేపు నిలబడతావు?"

"అది లేసేదాంక. ఒకపారి పొద్దుగూకేదాంక నిలవడ్డ. అయాల్ల ఎనకాల పెండ్లిబండి ఉండె. పెండ్లిపిలగాడు, పిల్ల గూడ దిగి నిలవడ్డరు. లగ్గం తప్పింది. మల్లొక లగ్గం జూస్కున్నరు."

సారు బండి మెట్టు మీద నిలబడి ఉపన్యసించారు. జాగీర్లు రద్దయ్యాయి, రాజ్యాంగం వచ్చింది, రోడ్డు అందరిదీ, మనిషిని చూసి మనిషి చెప్పులు విప్పే రోజులే పోతే దున్నను చూసి విప్పడమేమిటి అని అడిగారు. కుర్చీలోంచి దొరవారు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు.

నేను టైపు చేసింది ఇది: 'ఫెయిల్. కారణం: ఫ్యూడల్ మెంటాలిటీ.'

సాయంత్రం కాటమయ్య ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు. "బిడ్డా రూతూ, గా ఫ్యూడల్ అంటే ఏంది?"

"దొరను జూసి భయపడుడు మామా."

"గట్లయితే గీ తాలూకాల పాసయ్యెటోడు ఎవడున్నడు?"

అతను కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. "నా కొలువుకేమైతదో గని, హీర్యా కోడలు జమ్లీకి దినాలు దగ్గరవడ్డయ్. మొదటి కాన్పు దక్కలే. ఈపారి దవాఖానల్నే కావాలన్నది డాక్టరమ్మ. తండా ఎనిమిది మైళ్ళు. బండి కదలకుంటే ఆ పిల్ల ఎట్లొస్తది?"

"పదిహేను దినాలకు ఇంకో టెస్టు ఉంది. ఈపారి దొర దిక్కు చూడకు మామా. దున్ననే చూడు."

పదిహేను రోజుల తర్వాత అతను చెప్పుల్లేకుండా వచ్చాడు. విప్పాల్సిన పని పడకుండా ఇంట్లోనే పెట్టొచ్చానన్నాడు. పది నలభైకి దున్న పడుకుంది. కాటమయ్య హారన్ కొట్టాడు. దున్న ఒక చెవి ఊపింది. అతను దొరవారి వైపు చూడకుండా దిగి, పక్కన పడున్న కర్ర తీసుకుని దాని వీపు మీద మెల్లగా తట్టాడు.

"లే, లే. రోడ్డు అందరిది."

దొరవారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. సారు పెన్ను ఆగిపోయింది.

"ఏమన్నావూ?"

"రోడ్డు అందరిదన్న దొరా. మొన్న మీరే చెప్తిరి గద."

"నేను చెబితే అది రాజ్యాంగం. నువ్వు కర్ర పట్టుకుని చెబితే అది సాయుధ పోరాటం."

'ఫెయిల్. కారణం: సంఘం మెంటాలిటీ. మూడోసారి తప్పితే విచారణ నిమిత్తం మిలిటరీ క్యాంపుకు పంపవలెను.' క్యాంపుకు వెళ్ళినవాళ్ళను మేం అప్పటిదాకా ఎరుగుదుం. వచ్చినవాళ్ళనే ఎరగం.

కాటమయ్య మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాడు. ఈసారి ఊచ పట్టుకోలేదు. "ఆగితే ఒక తప్పు, లేపితే ఒక తప్పు. మద్దెల ఏమున్నది బిడ్డా?"

న్యాయమైన ప్రశ్న అనిపించి, కాగితం మీద టైపు చేసి సారు బల్ల మీద పెట్టాను. సారు ఒక మధ్యాహ్నమంతా ఆలోచించి హైదరాబాదుకు టెలిగ్రాం ఇచ్చారు. పది రోజులకు జవాబు వచ్చింది. 'స్థానిక పరిస్థితులను బట్టి, నియమాలకు లోబడి, తగిన విధంగా ప్రవర్తించవలెను.'

"చూశావా రూతూ, ఎంత స్పష్టంగా ఉందో. వీళ్ళకి చదివితే ఎక్కదు, చేసి చూపించాలి. శుక్రవారం జీపు నేనే నడుపుతాను. ఆ కాటమయ్యని పక్కన కూర్చోబెట్టు, చూసి నేర్చుకుంటాడు. వెంటనే వాడికి మూడో టెస్టు. పత్రికకి రిపోర్టు సిద్ధం చెయ్యి."

శుక్రవారం గడీ ముందు జనం చేరారు. సారు మెరిసే బూట్లతో స్టీరింగు పట్టుకున్నారు, పక్కన కాటమయ్య, వెనక సీట్లో నేను. పది నలభైకి దున్న పడుకుంది, ఈపాటికి దానికి షెడ్యూలు అలవాటైపోయింది.

సారు హారన్ కొట్టారు. మళ్ళీ కొట్టారు.

"సారూ, హారన్ జర మెల్లగ," అన్నారు దొరవారు కుర్చీలోంచి. "లోపట పూజ నడుస్తాంది."

సారు ఇంజను ఆపారు. "తగిన విధంగా," అని తమలో తాము అనుకుని దిగారు. దొరవారు సారు బూట్ల వైపు చూశారు, అంతే. చాలాసేపు చూశారు.

సారు వంగి లేసులు విప్పారు.

"టైర్లు తనిఖీ చేయాలి. బురదగా ఉంది," అన్నారు. అప్పటికి మా వైపు వాన పడి తొమ్మిది రోజులైంది. వారు బూట్లు చేత పట్టుకుని దున్న ముందు నిలబడ్డారు.

కాటమయ్య గొంతు తగ్గించి, "రూతూ, జర మంచిగ రాస్కో. పాసంటే గిట్లనా?" అన్నాడు.

పదకొండు అయింది. పదకొండున్నర అయింది. దున్న నెమరేస్తోంది. దాని ముందు ప్రభుత్వం నిలబడి ఉంది.

అప్పుడు బయ్యారం తోవ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు నడిచి వచ్చారు. ముందు నిండు చూలాలు. ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది హీర్యా భార్య తారి. వ్యాను రాదని తెలిసి తెల్లారకముందే బయల్దేరారట. చూలాలు నాలుగడుగులు వేసి, పొట్ట పట్టుకుని రోడ్డు పక్కన కూలబడింది. జమ్లీ ఆమేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నొప్పి తెరిపి ఇచ్చాక ఆమె తల ఎత్తింది, దున్నను చూసింది. నాలుకతో రెండుసార్లు టక్‌టక్‌మని, తండా మాటలో ఏదో అంది.

దున్న లేచింది. నలుగురు పోలీసులు తాళ్ళేస్తే తప్ప కదలని దున్న, గంటసేపు సర్కారును చూస్తూ పడుకున్న దున్న, సారును దాటుకుని వచ్చి జమ్లీ భుజానికి మూతి ఆనించింది.

"రెండేండ్లు గడ్డేసింది గీ పిల్లనే," అంది తారి, ఎవరికీ చెప్పనట్టుగా. "మరువలే."

రోడ్డు ఖాళీ అయింది. కాటమయ్య పక్క సీట్లోంచి స్టీరింగు ముందుకు జరిగి ఇంజను తిప్పాడు. "ఎక్కుండ్రి బిడ్డా, జల్ది." నేను చెయ్యిచ్చి జమ్లీని లాగాను, తారి కింద నుంచి ఎత్తింది.

సారు బూట్లతో సహా చెయ్యెత్తారు. "ఏయ్, ఆగు. నీకు లైసెన్సు లేదు."

"అవు దొరా. అచ్చినంక ఫెయిల్ చెయ్యి."

గడీ ముందు నుంచి జీపు దూసుకుపోయింది. వెనక సీట్లోంచి నాకు దున్న కనబడుతూనే ఉంది. కొంతదూరం మా వెంట పరుగెత్తింది. తర్వాత ఆగి, వెనక్కి తిరిగి, దొరవారినీ సారునూ దాటుకుని తండా తోవ పట్టింది. దాన్ని ఆపాలంటే ఏ మెంటాలిటీ ఉండాలో తేలలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు.

మేం దవాఖాన చేరిన అరగంటకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

శనివారం ఉదయం సారు తమ సర్క్యులర్‌ను తామే మళ్ళీ చదివారు. లైసెన్సు లేకుండా నడిపేవాడు కమ్యూనిస్టు. అంటే జనం చూస్తుండగా సర్కారు జీపును ఒక కమ్యూనిస్టు చేతిలో పెట్టిన ఆఫీసరు ఎవరు? సారు రెండు గ్లాసుల నీళ్ళు తాగి, "గురువారం తేదీతో ఆ కాటమయ్యకి ఒక లైసెన్సు టైపు చెయ్యమ్మా," అన్నారు. చేశాను. తొమ్మిదో అంశం దగ్గర 'సంతృప్తికరం' అని కొట్టాను.

ఇక పత్రిక రిపోర్టు మిగిలింది. అడ్డంగా ఉన్న జంతువును ఎవరు తొలగించారు? తండా ఆడమనిషి అని రాస్తే శాంతి కమిటీ ఏం చేస్తోందని అడుగుతారు. సారు గదిలో అటూ ఇటూ తిరుగుతూ డిక్టేట్ చేశారు. 'ప్రజాహితం కోరి శాంతి కమిటీ అధ్యక్షులవారే తమ దున్నపోతును గడీ రోడ్డు మీద నుంచి శాశ్వతంగా తొలగించి, తండా రైతాంగానికి అంకితం చేసిరి.' 'శాశ్వతంగా' దగ్గర్నుంచి సారు చెప్పారో, నా వేళ్ళు వాటంతట అవే కొట్టాయో ఇప్పుడు గుర్తు లేదు. పత్రికలో ఫొటో కూడా వేస్తారని దొరవారికి చెప్పాను. దొరవారు అద్దాలు తెచ్చుకోకుండానే సంతకం పెట్టారు. ఆదివారం ఫొటోతో సహా పడింది. వారి ఖద్దరు టోపీ బాగా వచ్చింది.

సోమవారం దొరవారు ఫిర్యాదు పట్టుకుని వచ్చారు. దున్న తండాకు పోయి మూడు రోజులైంది, లాక్కురావడానికి మళ్ళీ పోలీసులు కావాలి. సారు పత్రిక ముందుకు జరిపారు. దొరవారు ఈసారి అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"కింద సంతకం తమరిదేనండీ?" అన్నారు సారు.

"నాదే," అన్నారు దొరవారు.

వ్యాను మళ్ళీ మంగళవారం, శుక్రవారం తిరుగుతోంది. జమ్లీ కూతురిని చూద్దామని మొన్న నేనూ ఎక్కాను. గడీ ముందు కాటమయ్య గేరు కూడా మార్చలేదు. తండా మలుపు దగ్గర మాత్రం బండి ఆపాడు. ఇంజను కూడా ఆపాడు.

"ఎందుకాగినవ్ మామా?"

"జంతువు అడ్డమొచ్చింది."

ఈ చేను నుంచి ఆ చేనుకు కాడి మెడ మీద వేసుకుని దున్న రోడ్డు దాటుతోంది. వెనకాల హీర్యా. తొందరేమీ లేదు ఇద్దరికీ.

కాటమయ్య హారన్ కొట్టలేదు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.